ఆమె వచ్చింది, అది వచ్చింది: రెండింటికీ క్రియ ఒక్కటే ఎందుకు?

బడిగంట

అందరికీ నమస్కారం. నేను పెద్దవాళ్ళకు తెలుగు నేర్పుతుంటాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకుంటున్న ఒకావిడ మాతృభాష తమిళం. నిన్న ఆవిడ చేత క్రియారూపాల పట్టిక రాయించాను. వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, అది వచ్చింది, వారు వచ్చారు, అవి వచ్చాయి. రాయడం పూర్తిచేసి, కలం పక్కన పెట్టి, నా మొహంలోకి చూస్తూ అడిగారు: “మా భాషలో అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు. మూడింటికీ మూడు రూపాలు. మీరు ఆడమనిషినీ బల్లనూ ఒకే గాటన కట్టేశారెందుకు?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. “మా భాషలో అంతే, గుర్తుపెట్టుకోండి” అని దాటేయడం నాకు ఇష్టం లేదు. నేను చదువుకున్న వ్యాకరణం ప్రకారం చెబుదామంటే మగవారిని తెలిపేది మహద్వాచకం, ఆడవారిని తెలిపేది మహతీవాచకం, మిగతావి అమహద్వాచకం అనాలి. మహత్తు అంటే గొప్పది. మగవాడు మాత్రమే గొప్పవాడని ఆవిడ ఎదుట చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే పాఠం లోపు నేను ఈ విషయం సరిగా అర్థం చేసుకోవాలి. ఇది భాషలోనే ఉన్న విభజనా, పండితులు చేసిన విభజనా? మిగతా భాషల్లో ఎలా ఉంటుంది?

పాతపలక

బడిగంట గారూ, వ్యాకరణంలో ఈ విభజనను ‘లింగం’ అంటారు. ముందు ఆ మాట దగ్గరే కాసేపు ఆగుదాం. సంస్కృతంలో ఆ మాటకు మూలార్థం గుర్తు. తర్కశాస్త్రంలో పొగను నిప్పుకు లింగం అంటారు, అంటే నిప్పు ఉందని తెలిపే గుర్తు. యూరపు భాషల్లో వాడే జెండర్ అన్న మాట లాటిన్ ‘గెనుస్’ నుంచి వచ్చింది. దానికి రకం అని అర్థం. ఆడ, మగ అన్న ఆలోచన పక్కన పెట్టి ‘గుర్తు’, ‘రకం’ అన్న రెండు మాటలూ పట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

వ్యాకరణంలో లింగం నామవాచకం మీద కాదు, దాని పక్కనున్న మాటల మీద కనబడుతుంది. ‘బల్ల’ అన్న మాటను ఎంతసేపు చూసినా అందులో ఏ లింగమూ దొరకదు. ‘బల్ల విరిగింది’ అన్నప్పుడు ఆ ‘-ఇంది’లో దొరుకుతుంది. అమెరికన్ భాషావేత్త చార్లెస్ హాకెట్ 1958లో ఇచ్చిన నిర్వచనం సారాంశం కూడా ఇదే: లింగాలంటే నామవాచకాల తరగతులు, పక్క మాటల నడతలో బయటపడేవి.

ఈ లెక్కన తెలుగును పరీక్షిద్దాం. క్రియను అడిగితే ఏకవచనంలో రెండే తరగతులు: మగవాడు ఒక వైపు, మిగతా అంతా మరో వైపు. అదే క్రియను బహువచనంలో అడగండి. అక్కడా రెండు తరగతులే, కానీ గీత వేరేచోట పడుతుంది. ఆడవాళ్ళు వచ్చారు, మగవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఇప్పుడు స్త్రీలు మనుషుల వైపు ఉన్నారు. అంకెలను అడగండి. ఒకడు, ఒకతె, ఒకటి: మూడు తరగతులు. రెండు దగ్గరకు రాగానే ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, రెండు ఆవులు: మళ్ళీ రెండే. సర్వనామాలను అడిగితే అతడు, ఆమె, అది అని మూడు చెబుతాయి. స్త్రీ ఏ తరగతిలో ఉందన్న ప్రశ్నకు తెలుగు ఒకే జవాబు ఇవ్వదు. ఏ మాటను అడుగుతున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. మీ విద్యార్థిని చూసింది ఒక్క ఏకవచన క్రియను మాత్రమే.

ఇక మహత్తు సంగతి. పరవస్తు చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివాటికి మహత్తులని పేరు పెట్టారు. విభజన భాషలో ఉన్నదే, ఆయన సరిగానే గమనించారు. కానీ పేరులో విలువ కట్టారు. మీ ఆవిడకు పాఠం చెప్పేటప్పుడు ఆ పేరు వాడనక్కర్లేదు. ‘పురుష తరగతి’, ‘ఇతర తరగతి’ అన్నా వ్యాకరణానికి ఏ లోటూ రాదు.

చిగురాకు

నాకు హిందీ వచ్చు. అక్కడ బల్లకు కూడా ఆడా మగా చూడాలి. మీసం స్త్రీలింగం, గడ్డం కూడా స్త్రీలింగమే! ఇలాంటిది తెలుగులో లేనందుకు నేను సంతోషిస్తాను.

రెల్లుపువ్వు

పాతపలక గారి వివరణ స్పష్టంగా ఉంది, కృతజ్ఞతలు. అయినా ఒక చోట ఒప్పుకోలేను. తప్పంతా వ్యాకర్త పెట్టిన పేరులోనే ఉందని, భాషకు సంబంధం లేదని తేల్చేయడం తొందరపాటు.

కోపం వచ్చినప్పుడు ఆడమనిషిని ‘అది’ అనడం మనం వినలేదా? “అది వచ్చిందా? దాన్ని పిలువు.” మగవాడి మీద ఎంత కోపం వచ్చినా ‘వాడు’ అంటారు. ‘వాడు’ ఎంత కటువుగా పలికినా మనిషికి వాడే మాటే. ‘అది’ బల్లకూ బండకూ కూడా వాడే మాట. ఆడమనిషిని మనిషితనం నుంచి ఒక మెట్టు దించడానికి దారి తెలుగులో సిద్ధంగా ఉంది, క్రియ మార్చనవసరం కూడా లేదు. మగవాడి విషయంలో ఆ దారి మూసి ఉంది. ఇది పండితుడు కట్టిన దారి కాదు. బడిగంట గారి విద్యార్థిని మొదటి పాఠంలోనే దాన్ని పసిగట్టారు.

మూలాక్షరం

రెల్లుపువ్వు గారూ, మీరు చెప్పిన వాడుక నిజం. దాని వెనుక చరిత్ర కొంత చెబుతాను, తర్వాత మీరే బేరీజు వేయండి.

ద్రావిడ భాషలు ఈ విషయంలో మూడు నాలుగు దారుల్లో పోయాయి. తమిళం, కన్నడం ఏకవచనంలో మూడు తరగతులు పాటిస్తాయి. కన్నడంలో బందను, బందళు, బందితు. బహువచనంలో మనుషులు, మనుషులు కానివి అని రెండే. తెలుగు ఏకవచనంలో పురుషులు, ఇతరులు అని రెండు, బహువచనంలో మనుషులు, ఇతరాలు అని రెండు. ఉత్తరాన ఉన్న కురుఖ్, మాల్తో భాషలు కూడా తెలుగు మాదిరే. మధ్యనున్న గోండి, కోలామి, పర్జీ లాంటి భాషల్లో ఏకవచనంలోనూ బహువచనంలోనూ గీత ఒకే చోట ఉంటుంది: మగవాళ్ళు వస్తే ఒక రూపం, ఆడవాళ్ళు వచ్చినా ఆవులు వచ్చినా ఇంకో రూపం. మలయాళంలో సర్వనామాలు మూడూ మిగిలాయి గాని క్రియ ఎవరినీ పట్టించుకోదు: అవన్ వన్ను, అవళ్ వన్ను, అదు వన్ను. బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీ లింగభేదాన్ని పూర్తిగా వదులుకుంది.

వీటిలో పాతది ఏది? భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి వాదన ప్రకారం గోండి, కోలామి భాషల్లో ఉన్న పద్ధతే మూల ద్రావిడానిది, అంటే ఈ భాషలన్నిటికీ తల్లి అయిన భాషది. అంటే ‘అది’ అన్న మాట మొదటి నుంచీ ‘ఆమె’కూ ‘అది’కీ ఉమ్మడిగా ఉన్నది. తమిళంలోని ‘అవళ్’, కన్నడంలోని ‘అవళు’ దక్షిణాది భాషలు తర్వాత చేర్చుకున్నవి. తెలుగులో ఆమె, ఆపె, ఆవిడ అన్నవి కూడా తర్వాతి నిర్మాణాలే. ఈ వాదనతో ఏకీభవించని పండితులూ ఉన్నారు. నాకైతే ఇదే సబబుగా కనబడుతుంది, ఎందుకంటే క్రియలో ఆ పాత ఉమ్మడితనం తెలుగులో ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి తెలుగు స్త్రీని మనుషుల్లోంచి తీసి వస్తువుల్లో పడేయలేదు. మొదట కలిసే ఉన్న చోటు నుంచి ఒక్కొక్క అడుగే బయటికి తెచ్చింది. బహువచనంలో తెచ్చింది, అంకెల్లో తెచ్చింది, సర్వనామాల్లో తెచ్చింది. ఏకవచన క్రియ ఒక్కటీ మిగిలిపోయింది.

రెల్లుపువ్వు

“ఒక్కొక్క అడుగే బయటికి తెచ్చింది” అన్న మాట నాకు నచ్చింది. మొదట కలిపి ఉంచింది మాత్రం ఎవరు, ఎందుకు అన్న ప్రశ్న అలాగే ఉంది కదా? పురుషుడిని విడిగా గుర్తించి, మిగిలిన లోకాన్నంతా ఒక మూటగా కట్టిన మనసు ఒకటి ఉండే ఉంటుంది.

ఇంకో సంగతి. తల్లి కూతురి గురించి “అది ఇప్పుడే నిద్రపోయింది” అంటే అందులో ముద్దు ఉంది. అదే మాట పరాయివాడు అంటే అవమానం. మాట ఒకటే అయినా అనే హక్కు అందరికీ లేదు. నేను బాధపడేది క్రియను చూసి కాదు, ఆ రెండో సందర్భాన్ని చూసి.

కొత్తమొలక

నేను ఇంటర్ చదువుతున్నాను. తప్పయితే మన్నించండి. సూర్యుడు ప్రాణం లేనివాడు కదా, మరి ‘సూర్యుడు ఉదయించాడు’ అంటాం. పురుష తరగతి ఎలా అయ్యాడు?

పాతపలక

తప్పేమీ లేదు, చాలా మంచి ప్రశ్న. ‘సూర్యుడు ఉదయించాడు’ అంటాం, ‘పొద్దు పొడిచింది’ అని కూడా అంటాం. ఆకాశంలో జరిగింది ఒకటే. ఒక మాటలో పురుషుడు, ఇంకో మాటలో కాదు. అలాగే ‘సింహం గర్జించింది’, ‘మృగరాజు గర్జించాడు’. జంతువు ఒకటే. తెలుగు ఇక్కడ వస్తువును చూడడం లేదు, ఆ మాట వస్తువును ఎలా చూపిస్తోందో చూస్తోంది. సూర్యుడు అన్న మాటలో ఒక దేవుడున్నాడు, రాజు అన్న మాటలో ఒక మనిషి ఉన్నాడు. క్రియ ఆ మనిషితో పొత్తు కుదుర్చుకుంది.

‘గంగ పొంగింది’ అన్న వాక్యం చూడండి. పొంగింది నదా, దేవతా? హిందీ లాంటి భాషలో నదులకు స్త్రీలింగం ఉండనే ఉంది. మనకు స్త్రీకీ నీటికీ క్రియ ఒకటే కాబట్టి తెలుగు వాక్యం నదినీ దేవతనూ విడదీయకుండా చెప్పగలదు. నాకు ఈ వాక్యం చాలా ఇష్టం.

మూలాక్షరం

సూర్యుడి ప్రస్తావన వచ్చింది కాబట్టి. జర్మన్‌లో సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. ఫ్రెంచిలో తారుమారు. అరబ్బీలో జర్మన్ మాదిరే సూర్యుడు స్త్రీ, చంద్రుడు పురుషుడు. జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. ఒకే పళ్ళెం పక్కన మూడు లింగాలు. అమ్మాయికి వాడే ‘మేట్షెన్’ అన్న మాట నపుంసకం, ఎందుకంటే చివరనున్న ‘షెన్’ అన్న ప్రత్యయం చిన్నదనాన్ని తెలుపుతుంది, ఆ ప్రత్యయం ఉన్న మాటలన్నీ నపుంసకాలే. అక్కడ అమ్మాయిని నపుంసకం చేసింది లోకదృష్టి కాదు, ఒక ప్రత్యయం. బడిగంట గారి విద్యార్థినికి ఇంకొకటి గుర్తుచేయవచ్చు. తమిళంలో ‘కుళందై’ అంటే పసిబిడ్డ. ఆ బిడ్డ ఏడిస్తే ‘అళుదదు’ అంటారు, అంటే ‘అది’ రూపమే. ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం చెప్పిన సూత్రం ప్రకారం మనుషులంతా ఉయర్‌తిణై, అంటే ఉన్నత తరగతి. స్త్రీలు అందులోనే ఉన్నారు. బిడ్డను తెలిపే ఈ మాట మాత్రం వాడుకలో రెండో తరగతిలోకి, అంటే మనుషులు కానివాటిలోకి జారింది.

అరబ్బీలో నన్ను ఏళ్ళ తరబడి ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. మూడు నుంచి పది దాకా అంకెలు లెక్కపెట్టే వస్తువుకు ఎదురు లింగంలో ఉంటాయి. మగవాళ్ళ ముందు స్త్రీలింగ రూపం, ఆడవాళ్ళ ముందు పుంలింగ రూపం. వస్తువుల బహువచనానికి స్త్రీలింగ ఏకవచన విశేషణం వస్తుంది: ‘పుస్తకాలు కొత్తది’ అన్నట్టు. అలా మాట్లాడే వాళ్ళకు అందులో వింతేమీ లేదు.

అనువాదిని

నేను తెలుగు నుంచి హిందీకి కథలు అనువదిస్తుంటాను. ఈ చర్చలో ఎవరూ ఇంకా ప్రథమ పురుష దాటి రాలేదు. తెలుగులో ‘నేను వెళ్ళాను’, ‘నువ్వు వెళ్ళావు’ అంటే చెప్పేవారు ఆడో మగో తెలియదు. హిందీలో మగవాడు ‘మై గయా’ అంటాడు, స్త్రీ ‘మై గయీ’ అంటుంది. నోరు తెరిస్తే చాలు, తెలిసిపోతుంది.

నాకు ఒకసారి వచ్చిన కథలో ‘నేను’ అని చెబుతున్న పాత్ర స్త్రీయో పురుషుడో చివరి పేజీ దాకా తెలియదు. కథ బలమంతా అక్కడే ఉంది. రచయిత ఎంత జాగ్రత్తపడ్డారంటే ‘నేను చిన్నవాడిని’, ‘చిన్నదాన్ని’ అనాల్సిన చోటల్లా ‘నాకప్పుడు పదేళ్ళు’ అని తప్పించుకున్నారు. తెలుగులో ఉత్తమ పురుష లింగాన్ని బయటపెట్టేది ఆ ఒక్క సందు దగ్గరే కాబట్టి ఆయనకు వీలైంది. నా పరిస్థితి వేరు. మొదటి వాక్యమే ‘ఆ రోజు నేను ఆలస్యంగా వచ్చాను.’ ఆయా అనాలా, ఆయీ అనాలా?

మూడు రోజులు ఆ వాక్యం దగ్గరే కూర్చున్నాను. తర్వాత హిందీ వ్యాకరణమే దారి చూపింది. సకర్మక క్రియ భూతకాలంలో ఉంటే ‘మైనే’ వస్తుంది, అప్పుడు క్రియ కర్తతో కాదు, కర్మతో పొత్తు కలుపుకుంటుంది. ‘మైనే కితాబ్ పఢీ’ అన్న వాక్యం మగవాడన్నా ఆడదన్నా ఒకటే, ఎందుకంటే ఆ ‘ఈ’ పుస్తకానిది. ‘నాకు అనిపించింది’ అనడానికి ‘ముఝే లగా’ ఉంది, అక్కడా చెప్పేవారు ఎవరో తెలియదు. అంతే, కథలో రావడాలు, పోవడాలు, కూర్చోవడాలు అన్నీ తీసేసి చూడడాలు, వినడాలు, తలుపు తెరవడాలుగా మార్చుకుంటూ పోయాను. ‘ఆలస్యంగా వచ్చాను’ అన్నది ‘ఆలస్యంగా తలుపు తట్టాను’ అయింది. రచయితకు చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “నేను ఒక్క సందు మూస్తే సరిపోయింది, మీరు ఇంటి గోడలన్నీ మళ్ళీ కట్టారు” అన్నారు.

చిగురాకు

అనువాదిని గారూ, మీ టపా రెండుసార్లు చదివాను. పుస్తకం సంస్కృతంలో నపుంసకం కదా, హిందీలో స్త్రీలింగం ఎలా అయింది?

అనువాదిని

హిందీలో నపుంసకమే లేదు. సంస్కృతపు మూడు లింగాలు రెండయ్యాయి, నపుంసకాలన్నీ ఏదో ఒక వైపు సర్దుకోవాల్సి వచ్చింది. పైగా పాతవి కూడా మారాయి. అగ్ని సంస్కృతంలో పుంలింగం, దాని నుంచి వచ్చిన ‘ఆగ్’ స్త్రీలింగం. ఆత్మ సంస్కృతంలో పుంలింగం, హిందీలో స్త్రీలింగం. దేవతా అన్న మాట సంస్కృతంలో స్త్రీలింగం, హిందీలో పుంలింగం. మన తెలుగులో దేవత అంటే స్త్రీయే. ఒకే మాట మూడు భాషలు తిరిగినా అన్నిట్లో ఒకేలా స్థిరపడలేదు.

పాతపలక

సంస్కృతంలోనే భార్యకు మూడు మాటలున్నాయి. ‘భార్యా’ స్త్రీలింగం, ‘దారాః’ పుంలింగం, అదీ ఎప్పుడూ బహువచనమే, ‘కళత్రమ్’ నపుంసకం. ఒక్క మనిషికి మూడు లింగాలు. అందుకే అమరసింహుడు తన కోశానికి ‘నామలింగానుశాసనం’ అని పేరు పెట్టాడు. అర్థంతో పాటు లింగాన్నీ నేర్పడం ఆ కోశం పని. మనం అమరకోశం అనే పేరుతో పిలిచి ఆ సంగతి మరిచిపోయాం.

దీనికంటే ముందే పతంజలి మహాభాష్యంలో ఈ గొడవ మొదలైంది. లోకంలో స్త్రీకీ పురుషుడికీ ఉండే శరీర లక్షణాలే వ్యాకరణంలో లింగానికి ఆధారమన్న పక్షాన్ని ఆయన ముందు పెట్టుకున్నాడు. వెంటనే ప్రశ్నించాడు: మరి మంచం, అంటే ‘ఖట్వా’, స్త్రీలింగం ఎలా అయింది? చెట్టు, అంటే ‘వృక్షః’, పుంలింగం ఎలా అయింది? వాటిలో ఆ లక్షణాలు ఏవీ లేవే! చర్చ చాలా దూరం వెళ్ళి ఒక వాక్యం దగ్గరికి వస్తుంది: “లింగమశిష్యం లోకాశ్రయత్వాల్లింగస్య.” లింగం శాస్త్రం నేర్పవలసింది కాదు, ఎందుకంటే అది లోకం వాడుక మీద ఆధారపడి ఉంది. బడిగంట గారూ, రెండు వేల ఏళ్ళ కిందటే అంతటి వ్యాకర్త ఈ మాట అన్నాడని మీ విద్యార్థినికి చెప్పండి.

రెల్లుపువ్వు

లోకం వాడుక మీద ఆధారపడితే, లోకం మారినప్పుడు అది కూడా మారాలి. ఎక్కడైనా మారిందా?

మూలాక్షరం

మారింది, చాలా చోట్ల. ఇంగ్లీషులో ఒకప్పుడు మూడు లింగాలుండేవి. అప్పట్లో స్త్రీకి వాడిన ‘వీఫ్’ అన్న మాట నపుంసకం. అవన్నీ పోయి ఇప్పుడు సర్వనామాలు మాత్రమే మిగిలాయి. స్వీడిష్‌లో పుంలింగం, స్త్రీలింగం కలిసిపోయి ఒకే ‘సామాన్య లింగం’ అయింది, నపుంసకం విడిగా ఉంది. అదే భాషలో ఆడా మగా చెప్పని ‘హెన్’ అన్న సర్వనామం వాడుకలోకి వచ్చి, 2015లో స్వీడిష్ అకాడమీ నిఘంటువులో చోటు సంపాదించుకుంది. అయితే ఇంగ్లీషులో లింగాలు పోయింది సమానత్వం కోసం కాదు, ప్రత్యయాలు అరిగిపోవడం వల్ల. ఫిన్నిష్, టర్కిష్, బెంగాలీ భాషల్లో అతడికీ ఆమెకూ ఒకే సర్వనామం. భాషలో లింగం లేకపోతే సమాజంలో భేదం లేదని చెప్పడానికి వీల్లేదు.

ఒక ప్రపంచవ్యాప్త పరిశీలనలో భాషావేత్త గ్రెవిల్ కార్బెట్ 257 భాషలు తీసుకున్నారు. వాటిలో 145 భాషలకు లింగవిభజనే లేదు. ఉన్నవాటిలో రెండు తరగతులు 50 భాషల్లో, మూడు 26లో, నాలుగు 12లో, అయిదు లేదా అంతకంటే ఎక్కువ 24లో ఉన్నాయి.

అయిదు కంటే ఎక్కువ అంటే ఎలా ఉంటుందో స్వాహిలీ చెబుతుంది. అక్కడ ఆడా మగా అన్న ఊసే లేదు. మనిషి ‘మ్‌తు’, మనుషులు ‘వాతు’. వస్తువుల తరగతి ఒకటి ‘కి’తో మొదలై బహువచనంలో ‘వి’ అవుతుంది. అరబ్బీ నుంచి ‘కితాబ్’ అన్న మాట అరువు తెచ్చుకున్నారు, ‘కితాబు’ అయింది. మొదట్లో ఉన్న ‘కి’ని వాళ్ళ చెవి తమ తరగతి గుర్తుగా విన్నది. అందుకని పుస్తకాలు ‘వితాబు’ అయ్యాయి! అరబ్బులు వింటే ఏమనుకునేవారో గాని, నా కంటికి ఇది భాష ఎలా ఆలోచిస్తుందో చూపించే అద్దం. ఖడ్గమృగం ‘కిఫారు’ కూడా ‘కి’తోనే మొదలవుతుంది. కానీ ప్రాణి కనుక దాని విశేషణం, క్రియ మనుషుల తరగతిలో చేరతాయి. రూపం ఒక వైపు లాగితే అర్థం ఇంకో వైపు లాగి గెలిచింది.

ఆస్ట్రేలియాలోని ద్యిర్బల్ భాషలో నాలుగు తరగతులు. ఒకదానిలో పురుషులు, చాలా జంతువులు. రెండో దానిలో స్త్రీలు, నిప్పు, నీరు, ఎక్కువ పక్షులు, సూర్యుడు. మూడో దానిలో తినదగిన కాయలు, దుంపలు. మిగిలినవి నాలుగో దానిలో. భాషావేత్త ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్ అక్కడివాళ్ళతో మాట్లాడి తెలుసుకున్నది ఏమంటే, వాళ్ళ కథల్లో సూర్యుడు భార్య, చంద్రుడు భర్త, పక్షులు చనిపోయిన స్త్రీల ఆత్మలు. ఆ కథలు తెలియనివాడికి ఆ జాబితా చిందరవందర. తెలిసినవాడికి కుటుంబం.

కొత్తమొలక

మరి లింగం మన ఆలోచనను మారుస్తుందా? వంతెన స్త్రీలింగమైతే జర్మన్లు దాన్ని అందంగా ఊహించుకుంటారని ఎక్కడో చదివాను.

మూలాక్షరం

ఆ ప్రయోగం చాలా ప్రచారం పొందింది. జర్మన్‌లో వంతెన స్త్రీలింగం, స్పానిష్‌లో పుంలింగం, తాళంచెవి దీనికి తలకిందులు. విశేషణాలు చెప్పమంటే ఆయా లింగాలకు తగ్గట్టు చెప్పారన్నది వాదన. తర్వాత వేరే పరిశోధకులు అదే పద్ధతిలో మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఈ రకం ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కాబట్టి దాన్ని నిజమని ప్రచారం చేయకండి.

రెల్లుపువ్వు

మూలాక్షరం గారూ, ఓపికగా ఇన్ని చెప్పారు. నా ఫిర్యాదు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. తెలుగులో లోకం తనంతట తాను వెతుక్కున్న దారి ఒకటి నాకూ కనబడుతోంది. పత్రికల్లో ‘ఆమె అన్నారు’ అని రాస్తారు. గౌరవ బహువచనం. అక్కడ ఆమెకూ ఆయనకూ ఒకే క్రియ, ‘అన్నారు’. వస్తువులతో కలిసే మాటే లేదు, ఎందుకంటే బహువచనంలో స్త్రీ మనుషుల తరగతిలో ఉంది. పాతపలక గారు మొదట చూపిన ఆ రెండో గీతను మనం గౌరవం కోసం ఏకవచనంలోకి లాక్కున్నాం. అయితే అది పెద్ద హోదాలో ఉన్నవారికే అందుతోంది. పేదింటి ఆడమనిషి గురించి రాసేటప్పుడు అదే పత్రిక ‘ఆమె చెప్పింది’ అంటుంది. నా పట్టుదల అంతా ఇప్పుడు అక్కడికి చేరింది.

అనువాదిని

ఈ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. అనువాదంలో నేను ఏ పాత్రకు ‘చెప్పారు’, ఏ పాత్రకు ‘చెప్పింది’ వాడుతున్నానో ఇక నుంచి లెక్క రాసుకుంటాను.

చిగురాకు

చిన్న సందేహం. ‘రైతూ ఎద్దూ పొలం నుంచి...’ తర్వాత వచ్చారా, వచ్చాయా?

పాతపలక

నేను రెండూ రాసి చూశాను, రెండూ పంటి కింద రాళ్ళే. ‘వచ్చారు’ అంటే ఎద్దు మనిషైపోయింది, ‘వచ్చాయి’ అంటే రైతు పశువైపోయాడు. తెలుగువాడు ‘రైతు ఎద్దుతో వచ్చాడు’ అని వాక్యమే మార్చుకుంటాడు. క్రియకు తోచని చోట వాక్యం పక్కకు జరుగుతుంది.

బడిగంట

ఈరోజు పాఠం అయింది. మీరు చెప్పినవన్నీ ఒక వరుసలో పెట్టుకుని వెళ్ళాను. మహత్తు అన్న మాట వాడలేదు. క్రియను, అంకెను, సర్వనామాన్ని విడివిడిగా అడిగి చూపించాను. కుళందై ఉదాహరణ చెప్పగానే ఆవిడ నవ్వి, తమ భాషను అలా ఎప్పుడూ చూడలేదన్నారు. రెల్లుపువ్వు గారి అభ్యంతరం కూడా దాచకుండా చెప్పాను, ‘అది’ అన్న మాట ఎక్కడ ముద్దు, ఎక్కడ అవమానమో వివరించాను. ఆవిడ దాన్ని పుస్తకంలో రాసుకుని చుట్టూ గీత గీసుకున్నారు.

తర్వాత ఇంటి పని తీసి చూపించారు. కిందటి వారం నేను దిద్దిన పేజీ అది. ‘పిల్లలు పాలు తాగాయి’ అని ఆవిడ రాస్తే నేను ఎర్ర కలంతో కొట్టేసి ‘తాగారు’ అని రాశాను. ఆవిడ ఆ వాక్యం కింద వేలు పెట్టి, “ఇవి మా ఇంటి పిల్లి పిల్లలు” అన్నారు. పై వాక్యం చదివాను. ‘మా పిల్లి నాలుగు పిల్లలను పెట్టింది’ అని ఉంది. ‘నలుగురు’ కాదు, ‘నాలుగు’. అంకె సరిగ్గా రాశారు, క్రియ సరిగ్గా రాశారు, నేను పై వాక్యం చూడకుండానే దిద్దాను.

ఎర్ర గీత మీద తెల్ల కాగితం ముక్క అతికించి, ‘తాగాయి’ అని మళ్ళీ రాసి ఇచ్చాను.